ఉద్యోగం, శిక్షణ, జాబ్ మేళా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి ఉద్యోగాల గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలివి. పేరు నమోదు చేసుకునే ఆఫీసు, శిక్షణ ఇచ్చే కేంద్రం, మనుషులు కావాలనే కంపెనీ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో చెప్పడానికి రాసిన పేజీ ఇది. పథకాల నిబంధనలు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి.

డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. ముందు ఏ ఆఫీసుకు పోవాలి?

అన్నీ ఒక్క ఆఫీసులో అయిపోవు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా ఉపాధి కల్పన కార్యాలయం ఉంది. అందరూ ఎంప్లాయిమెంట్ ఆఫీసు అంటారు. మీ పేరు, చదువు అక్కడ నమోదవుతాయి. జాబ్ మేళాలు, స్వల్పకాలిక శిక్షణలు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పని. జిల్లాలో దానికి ఒక అధికారి ఉంటారు. పల్లెటూళ్లలో పేద కుటుంబాల పిల్లలకు హాస్టల్ పెట్టి శిక్షణ ఇప్పించేది సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ. సొంతంగా పని పెట్టుకుంటాం అనేవాళ్లకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ శిక్షణ కేంద్రాలు, టౌన్లలో పొదుపు సంఘాల మహిళలకు మెప్మా అనే ప్రభుత్వ సంస్థ.

జాబ్ మేళా బ్యానర్ మీద వీళ్ల పేర్లన్నీ ఒక వరుసలో కనిపిస్తాయి. అంతమాత్రాన ఒకరి రిజిస్టర్లో ఉన్న మీ పేరు ఇంకొకరికి తనంతట తాను చేరుతుందని అనుకోవద్దు. ఎంప్లాయిమెంట్ కార్డు ఉంది కదా, మేళాకు పిలుస్తారులే అని ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామంది. మేళాకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, శిక్షణకు ఇంకోటి ఉంటుంది.

డిగ్రీ అయినవాళ్లకు నా సలహా: ఎంప్లాయిమెంట్ ఆఫీసులో, నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో, నైపుణ్యాభివృద్ధి సంస్థ సైట్‌లో మూడు చోట్లా ఒకేసారి పేరు పెట్టేయండి. మూడూ ఉచితం. తర్వాత ఆఫీసుకు స్వయంగా వెళ్లి "మా చదువుకు ఈ మధ్య ఏ కంపెనీలు అడిగాయి" అని కనుక్కోండి. ఆన్‌లైన్‌లో దొరకని సమాచారం అక్కడి ఉద్యోగి నోటి నుంచే వస్తుంది.

ఎంప్లాయిమెంట్ కార్డు ఇంకా పనికొస్తుందా? మా నాన్న కాలంలో దాని మీదే ఉద్యోగాలు వచ్చేవంట.

మీ నాన్నగారు చెప్పింది నిజమే. ఈ కార్యాలయాలు 1945లో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి మొదలయ్యాయి. తర్వాత అందరికీ తెరిచారు. 1959లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మంది, అంతకు పైబడి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీకి, అంటే ఈ ఆఫీసుకే, తెలియజేయాల్సి ఉండేది. చట్టం తెలియజేయమంది తప్ప, అక్కడి నుంచే మనిషిని తీసుకోమనలేదు. అయినా చాలాకాలం ప్రభుత్వ ఆఫీసులు ఎక్స్ఛేంజీ పంపిన జాబితాలో ఉన్నవాళ్లనే పిలిచేవి. అందుకే సీనియారిటీకి అంత విలువ.

1996లో ఆ పద్ధతి మారింది. కృష్ణా జిల్లా మల్కాపట్నం ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజీ జాబితాతోపాటు పత్రికల్లో కూడా ప్రకటన ఇచ్చి, దరఖాస్తు పెట్టిన అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది. మన రాష్ట్రంలో పుట్టిన కేసే దేశమంతా కార్డు బలాన్ని తగ్గించింది. ఇప్పుడు గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలకు నోటిఫికేషన్, పరీక్షే దారి.

అలాగని కార్డు దండగ కాదు. కొన్ని అవుట్‌సోర్సింగ్, తాత్కాలిక పోస్టులకు ఇప్పటికీ అడుగుతారు. ప్రైవేటు కంపెనీలు ఆఫీసుకు వచ్చినప్పుడు మెసేజ్ వెళ్లేది నమోదైన నంబర్లకే. మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, లేకపోతే పాత సీనియారిటీ పోతుంది. పెళ్లయి ఊరు మారినా, డిగ్రీ తర్వాత బీఎడ్ చేసినా ఆ వివరం చేర్పించుకోవాలి. ఇంటర్‌తో నమోదై, తర్వాత ఎంత చదివినా మార్చకుండా వదిలేసిన కార్డులు మన దగ్గర లెక్కలేనన్ని ఉంటాయి. కంపెనీ డిగ్రీ వాళ్లను అడిగినప్పుడు ఆ పేరు జాబితాలో రాదు. తప్పు ఆఫీసుది అనుకుంటాం.

1959 చట్టం స్థానంలో ఇప్పుడు సామాజిక భద్రత కోడ్ వచ్చింది. అందులో ఈ ఆఫీసులను కెరీర్ సెంటర్లు అంటున్నారు. బోర్డు మీద ఏ పేరున్నా మీరు వెళ్లాల్సిన గుమ్మం అదే.

నేషనల్ కెరీర్ సర్వీస్ అంటే ఏంటి?

కేంద్ర కార్మిక శాఖ 2015 జూలైలో ప్రారంభించిన ఉద్యోగాల పోర్టల్. దేశంలో ఎక్కడి ఖాళీ అయినా కనిపిస్తుంది. ఉద్యోగం వెతికేవాళ్లకు గానీ కంపెనీలకు గానీ రుసుము లేదు. చెన్నై, బెంగళూరు వెళ్లడానికి సిద్ధపడినవాళ్లకు ఉపయోగం ఎక్కువ. నెల్లూరు టౌన్లోనే కావాలంటే అందులో దొరికేవి తక్కువ. ఇక్కడి దుకాణాలు, ఆసుపత్రులు, రొయ్యల కంపెనీలు ఇంకా తెలిసినవాళ్లను అడిగే మనుషులను పెట్టుకుంటున్నాయి.

జాబ్ మేళాలో "సెలెక్ట్ అయ్యావు" అన్నారు. ఉద్యోగం వచ్చినట్టేనా?

ఇంకా రాలేదు. మేళాలో జరిగేది ఎక్కువగా మొదటి వడపోత. ఐదారు నిమిషాలు మాట్లాడి, మార్కుల జాబితా చూసి, పేరు రాసుకుంటారు. సాయంత్రానికి అధికారులు "ఇంతమంది ఎంపికయ్యారు" అని పత్రికలకు చెబుతారు. ఆ లెక్కలో మీరూ ఉంటారు. తర్వాత కంపెనీ వాళ్లు ఫోన్ చేయాలి, మెడికల్ టెస్టు ఉండొచ్చు, సర్టిఫికెట్లు చూడాలి, అప్పుడు ఆఫర్ లెటర్. ఎంపికైనవాళ్ల లెక్కకూ నెల తర్వాత పనిలో ఉన్నవాళ్ల లెక్కకూ చాలా దూరం ఉంటుంది. ప్రకటనల్లో రెండోది కనిపించదు. నా దృష్టిలో ఏ మేళా అయినా ఆ రెండో లెక్కతోనే తూగాలి.

మేళాకు పోయేటప్పుడు జిరాక్సు సెట్లు ఎక్కువ పెట్టుకోండి. టేబుల్ దగ్గర కూర్చున్న మనిషిని అడగండి: మీరు కంపెనీ మనిషా, కన్సల్టెన్సీ మనిషా? జీతం ఇచ్చేది కంపెనీయా, కాంట్రాక్టరా? పని చోటు ఎక్కడ? శ్రీసిటీ అని చెప్పి, చేరే రోజున తమిళనాడులోని ఒరగడం పంపిన సందర్భాలు ఉన్నాయి. అడిగితే కోప్పడతారేమోనని పిల్లలు నోరు మెదపరు. నిజంగా మనుషులు కావాల్సిన కంపెనీ అలాంటి ప్రశ్నకు ఎప్పుడూ కోప్పడదు.

పద్దెనిమిది వేలు అన్నారు, చేతికి అంత రాలేదు. మోసం చేశారా?

కొన్నిసార్లు మోసం. ఎక్కువసార్లు లెక్క విడమరచి చెప్పకపోవడం. ఈ టెన్షన్ మొదటి జీతం రోజున దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

నెల మొత్తం జీతం 18,000, అందులో మూలవేతనం 13,000 అనుకుందాం. పీఎఫ్ మూలవేతనంలో 12 శాతం, అంటే 1,560. ఈఎస్ఐ మొత్తం జీతంలో 0.75 శాతం, అంటే 135. వృత్తి పన్ను 150. ఇవి పోగా 16,155 వస్తుంది. పీఎఫ్ డబ్బు మీదే, కంపెనీ కూడా దానికి తన వాటా కలుపుతుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్ఐ కింద ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతుంది. ఈ కోతలకు బాధపడక్కర్లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత. హాస్టల్‌కు, క్యాంటీన్‌కు, బస్సుకు పట్టుకునేది ఎంత? మేళాలో చెప్పిన 18,000 మొత్తం జీతమా, లేక కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్ఐ వాటా కూడా కలిపిన సీటీసీనా? అందులో ఓటీ, అంటే అదనపు గంటల డబ్బు, కలిపారా? సెలవు పెడితే అటెండెన్స్ బోనస్ పోతుందా? ఇవన్నీ తీసేశాక కొందరికి 12,000 కూడా చేతికి రాదు. అడగాల్సింది ఒక్క ప్రశ్నే: "ఓటీ లేకుండా, హాస్టల్, భోజనం పోగా నెలకు నా అకౌంట్లో ఎంత పడుతుంది?" జవాబు కాగితం మీద రాయించుకోండి.

మొదటిసారి పీఎఫ్ ఉన్న ఉద్యోగంలో చేరితే ప్రభుత్వం 15,000 ఇస్తుందంటున్నారు. నిజమా?

నిజమే, షరతులున్నాయి. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య మొదటిసారి ఈపీఎఫ్‌లో చేరినవాళ్లకు ఒక నెల జీతం మేరకు, గరిష్ఠంగా 15,000 వరకు, రెండు విడతల్లో ఇస్తారు. ఆరు నెలలు పనిచేశాక మొదటిది, ఏడాది నిండాక రెండోది. మూడో నెలలో మానేసి ఇంకో చోట చేరదాం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. యూఏఎన్ అనే పీఎఫ్ సభ్యత్వ నంబరు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవాలి. ఆధార్ బ్యాంకు ఖాతాకు లింకై ఉండాలి. కొత్త మనుషులను పెట్టుకున్న కంపెనీకి కూడా మనిషికి నెలకు 3,000 వరకు ప్రోత్సాహకం ఉంది. మధ్యలో ఎవరైనా "ఆ పదిహేను వేలు ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వు" అంటే నమ్మొద్దు.

ఉచిత శిక్షణలు చాలా ఉన్నాయి. నాకు ఏది సరిపోతుంది?

కోర్సు పేరు తర్వాత చూద్దాం. శిక్షణ అయ్యాక ఇల్లు వదిలి పోగలరా, లేదా? ముందు అది తేల్చుకోండి.

పోగలిగితే, పల్లెటూళ్లో ఉంటే, వయసు 35 లోపైతే పల్లె యువత శిక్షణకు కేంద్రం పెట్టిన డీడీయూ-జీకేవై పథకం చూడండి. 2014లో మొదలైంది, మన రాష్ట్రంలో సీడాప్ నడుపుతుంది. ఆడవాళ్లకు, దివ్యాంగులకు 45 ఏళ్ల వరకు అవకాశం ఉంది. శిక్షణ మూడు నెలల నుంచి ఏడాది వరకు, వసతి భోజనం ఉచితం. మిగతావాటికీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలన్న షరతు శిక్షణ సంస్థ మెడ మీద ఉంటుంది. అందుకని ఎక్కడో ఒకచోట చేరుస్తారు. ఆ ఎక్కడో ఒకచోట మీకు నచ్చుతుందో లేదో వేరే సంగతి.

పోలేకపోతే, చేతిలో ఒక పని పెట్టుకుని ఊళ్లోనే బతకాలనుకుంటే ఆర్‌సెటీ. ఏసీ, ఫ్రిజ్ రిపేరు, సెల్‌ఫోన్ రిపేరు, టైలరింగ్, బ్యూటీపార్లర్, పాడి పశువుల పెంపకం లాంటివి కొద్ది వారాల్లో నేర్పుతారు. నేర్పాక రెండేళ్లపాటు వెంటపడి లోను వచ్చిందా, షాపు పెట్టావా అని అడుగుతారు. నేర్పేది బ్యాంకు నడిపే సంస్థే కాబట్టి లోను ఫైలు ఎలా రాయాలో కూడా అక్కడే తెలుస్తుంది. ఒంగోలు, చీరాల వైపు వాళ్లకు వేటపాలెం రుడ్‌సెట్ ఎప్పటినుంచో తెలిసిన పేరు. ఆర్‌సెటీలు రాకముందే 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన సంస్థ శాఖ అది. ఆ నమూనా చూసే దేశమంతా ఆర్‌సెటీలు పెట్టారు.

చేతిపని లోతుగా నేర్చుకోవాలంటే, ఏడాదో రెండేళ్లో ఆగగలిగితే ఐటీఐకి మించింది లేదు. మూడు నెలల వెల్డింగ్ సర్టిఫికెట్, రెండేళ్ల ఫిట్టర్ ఐటీఐ పక్కపక్కన పెడితే కంపెనీ రెండోదే చూస్తుంది. డిగ్రీ చదివి అమీర్‌పేటలో కోర్సు చేసి తిరిగొచ్చిన అన్నయ్య కంటే, ఎలక్ట్రీషియన్ ఐటీఐ చేసి కృష్ణపట్నం వైపు ప్లాంటులో చేరిన తమ్ముడు ముందే స్థిరపడ్డ ఇళ్లు ముత్తుకూరు, వెంకటాచలం మండలాల్లో కనిపిస్తాయి. సంబంధాల దగ్గర మాత్రం డిగ్రీయే అడుగుతారు, అది మన ఖర్మ!

శిక్షణలో చేరేముందు ఏమి అడగాలి?

పోయిన బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. ఒకరిద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వమనండి. ఆ ఒక్కటి చాలు. నంబర్లిచ్చే కేంద్రంలో ఉద్యోగాలు వస్తున్నట్టే. "అవన్నీ ఆఫీసులో ఉంటాయి" అంటే మీకే అర్థమవుతుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు కోర్సు బాగుందా అని అడిగి ఊరుకోకుండా, ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అని అడగండి.

అసలు పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇచ్చేయొద్దు. జిరాక్సు ఇచ్చి, అసలైనవి చూపించి వెనక్కి తీసుకోండి.

అప్రెంటిస్ అంటే ఉద్యోగమేనా?

కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం మీరు అక్కడ కార్మికులు కారు, శిక్షణ పొందేవాళ్లు. జీతం బదులు స్టైపెండ్ వస్తుంది. 2019 నిబంధనల్లో చదువును బట్టి నెలకు కనీసం 5,000 నుంచి 9,000 అని పెట్టారు. 30 మంది, అంతకు పైబడి ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అందుకే కంపెనీలకు మీ అవసరం ఉంది.

మన వైపు ఐటీఐ పిల్లలకు బాగా తెలిసిన దారి ఆర్టీసీ అప్రెంటిస్‌షిప్. డీజిల్ మెకానిక్, మోటారు మెకానిక్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి ట్రేడ్‌ల వాళ్లను డిపోల్లో పెట్టుకుంటారు. నెల్లూరు, ప్రకాశం పిల్లలకు సర్టిఫికెట్ల పరిశీలన వెంకటాచలం మండలం కాకుటూరులోని జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీలో జరుగుతుంది. ముందు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

అయిపోయాక అక్కడే పర్మనెంట్ చేస్తారా అని అందరూ అడుగుతారు. చేయాలన్న నియమం లేదు. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అర్హతలు సమానమైతే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని, అతని పేరు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీ నుంచి రావాల్సిన పనిలేదని చెప్పింది. అది ప్రాధాన్యం వరకే, హామీ అనుకోవద్దు. అయినా ఏడాది పాటు బస్సు ఇంజిన్ విప్పి బిగించిన అనుభవం ఏ గ్యారేజీకి పోయినా మాట్లాడుతుంది.

మాది చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ. లోకల్ పిల్లలు పనికి రావడం లేదు. ఈ ఆఫీసులు మాకు ఏమైనా చేస్తాయా?

చేస్తాయి, మీరు అడిగే పద్ధతి బాగుంటే. "పది మంది కుర్రాళ్లు కావాలి" అని ఫోన్ చేస్తే ఎంప్లాయిమెంట్ ఆఫీసు మీకు డిగ్రీ వాళ్ల జాబితా పంపుతుంది. వాళ్లొచ్చి రాయి కోసే గ్యాంగ్ సా మిషన్ చప్పుడు విని వెళ్లిపోతారు. ఏ మిషన్ మీద, ఏ షిఫ్టు, ఎంత బరువు ఎత్తాలి, దుమ్ముకు మాస్కు ఇస్తారా, మొదటి మూడు నెలలు ఎంత, నేర్చుకున్నాక ఎంత, రూము ఉందా: ఇవి రాసి ఇవ్వండి. నైపుణ్యాభివృద్ధి సంస్థతోనూ ఐటీఐ ప్రిన్సిపాల్‌తోనూ మాట్లాడి, మీ యూనిట్లోనే అప్రెంటిస్‌లుగా తీసుకోవచ్చు. కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పథకంలో స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 వరకు ప్రభుత్వమే నేరుగా పిల్లాడి ఖాతాలో వేస్తుంది.

ఇక లోకల్ పిల్లలు నిలబడరు అన్న ఫిర్యాదు. ఇది చీమకుర్తిలోనే కాదు, నాయుడుపేటలో, కృష్ణపట్నం వంటనూనె రిఫైనరీల్లో, రొయ్యల ప్లాంట్లలో ఎక్కడ అడిగినా వినిపిస్తుంది. పిల్లలకు స్కిల్ లేదంటారు. వెళ్లిపోయిన పిల్లల్ని అడిగితే స్కిల్ మాటే రాదు. పన్నెండు గంటల షిఫ్టు, రూములో ఎనిమిది మంది, నీళ్ల సాంబారు, పండక్కి సెలవివ్వలేదు, సూపర్‌వైజర్ బూతులు తిట్టాడు, చెప్పిన జీతం పడలేదు. ఇవీ కారణాలు. ఒడిశా, బీహారు నుంచి వచ్చినవాళ్లు ఇవన్నీ ఓర్చుకుంటారు, ఎందుకంటే తిరిగిపోవాలంటే దూరం రైలు ప్రయాణం. పొదిలి పిల్లాడికి బస్సెక్కితే అమ్మ చేతి అన్నం. వాడికి ఒళ్లు వంగదని తేల్చేసే ముందు, మీ రూములు ఒకసారి చూసి రండి. అన్నం, రూము బాగుచేసి, జీతం ఏడో తేదీ లోపు వేసే యజమాని దగ్గర లోకల్ పిల్లలే ఏళ్ల తరబడి ఉంటున్నారు.

శిక్షణ కేంద్రాలదీ తప్పుంది. గ్రానైట్‌కు కావాల్సింది వైర్ సా ఆపరేటరు, లైన్ పాలిషింగ్ తెలిసినవాడు, క్రేన్ ఆపరేటరు. కేంద్రాల్లో ఎక్కువ నడిచేది డేటా ఎంట్రీ, రిటైల్ సేల్స్. వాటికి కంప్యూటర్లు, ఒక గది చాలు. మిషన్ పెట్టాలంటే డబ్బు కావాలి, ఆ మిషన్ మీ ఫ్యాక్టరీలోనే ఉంది. నేర్పే చోటుగా మీరే తలుపు తెరిస్తే తప్ప ఈ లోటు తీరదు.

మా అమ్మాయిని శ్రీసిటీ వైపు కంపెనీకి పంపొచ్చా? భయంగా ఉంది.

చాలామంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. సెల్‌ఫోన్, ఏసీ, బూట్ల ఫ్యాక్టరీల్లో లైన్ మీద ఎక్కువ వాళ్లే. చేర్చే ముందు మీరు కూడా వెంట వెళ్లి హాస్టల్ చూసి రండి. రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే బస్సు హాస్టల్ గుమ్మం దాకా వస్తుందా, వార్డెన్ ఆడమనిషేనా, ఫోన్ దగ్గర ఉంచుకోనిస్తారా అని అడగండి. మీ ఊరి నుంచి ఇప్పటికే అక్కడ పనిచేసే అమ్మాయితో మాట్లాడితే మీ భయం సగం తీరుతుంది, లేదంటే పంపకూడదని తేలుతుంది. రెండూ మంచివే.

చదువు లేదు, వయసు నలభై దాటింది. మాకేమైనా ఉందా?

జాబ్ మేళాలు మీకోసం కాదు, ఉన్నమాట చెప్పాలి. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీ, దర్జీ, క్షౌరం లాంటి 18 చేతివృత్తుల వాళ్లకు 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల లోను. ఆర్‌సెటీలో కూడా చదువు పట్టింపు తక్కువ. పొగాకు గ్రేడింగ్‌కో రొయ్యల పీలింగ్‌కో వెళ్లే ఆడవాళ్లు అసంఘటిత కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు పెట్టుకుంటే నష్టం లేదు.

దివ్యాంగులకు వేరే ఏర్పాటు ఉందా?

ప్రభుత్వ ఉద్యోగాల్లో 2016 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. నెల్లూరులో సీఆర్‌సీ అనే కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల పునరావాస కేంద్రం ఉంది. అక్కడ పునరావాస సేవలతోపాటు వృత్తి శిక్షణ గురించి కూడా కనుక్కోవచ్చు. ఎక్కడికి వెళ్లినా ముందు యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు అడుగుతారు.

మా మండలం వేరే జిల్లాలోకి పోయింది. ఏ ఆఫీసుకు పోవాలి?

2022 ఏప్రిల్ 4 విభజనతో గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి, కందుకూరు నెల్లూరులోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా కొన్ని హద్దులు మారాయి కాబట్టి మీ ఊరి సచివాలయంలో ఇప్పటి జిల్లా పేరు అడిగి, దాన్నే ఫారంలో నింపండి. జాబ్ మేళాకు ఈ పట్టింపు ఉండదు, పక్క జిల్లా వాళ్లు వచ్చినా కూర్చోబెడతారు. హాస్టల్ శిక్షణలకు, లోన్లకు మాత్రం జిల్లా చూస్తారు.

గల్ఫ్ పంపిస్తామని ఏజెంటు ఒకటిన్నర లక్ష అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగిన సేవారుసుము గరిష్ఠంగా 30,000, దాని మీద జీఎస్టీ. అతని లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే బతికుందో లేదో తెలుస్తుంది. విజిటింగ్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చంటే వెనక్కి వచ్చేయండి. ఇంటిపని కోసం వెళ్లే, పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది. దాన్ని దాటించడానికి వయసు మార్చి పాస్‌పోర్టు తీయించేవాళ్లు ఉదయగిరి వైపు పల్లెలకూ వస్తారు. రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సొంత సంస్థ ఉంది. విదేశీ ఉద్యోగాల ప్రకటనలు ముందు అక్కడ చూడండి. కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగం అంటే అసలు ఆలోచించొద్దు. సైబర్ నేరాలు చేయించే ముఠాలకు మనుషులను చేర్చే ఎర అది.

ఇక్కడి ఉద్యోగానికే డిపాజిట్ అడిగారు. కట్టేశాను కూడా.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఆన్‌లైన్లో పోయుంటే తొందరగా చెప్పినకొద్దీ ఆపే అవకాశం ఎక్కువ. తర్వాత దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. యూపీఐ రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు చెరిపేయొద్దు. ప్రభుత్వ జాబ్ మేళాలో గానీ, ఎంప్లాయిమెంట్ ఆఫీసులో గానీ రిజిస్ట్రేషన్‌కు, యూనిఫాంకు, ఐడీ కార్డుకు డబ్బు కట్టేది ఉండదు.

అన్నీ చేశాను, పీఎఫ్ దగ్గర ఆగిపోయింది. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ పేరు వల్లే. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ముందు పేరు, తర్వాత ఇంటిపేరు. పుట్టిన తేదీ బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసింది ఒకటి, ఆధార్‌లో ఇంకోటి. పదో తరగతి సర్టిఫికెట్టే ఆధారంగా పెట్టుకుని, ఆధార్, బ్యాంకు రెండూ దానికి సరిపోయేలా మార్పించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకునే వెళ్లండి. మేళా తేదీ ప్రకటించాక ఆధార్ కేంద్రం దగ్గర క్యూ పెరుగుతుంది, అంతకు ముందే ఈ పని కానివ్వండి.